అంకుల్ చేతిలో ఆకురాయి

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మా పక్కింటి అంకుల్‌ది షానన్‌లో ఒక ఫ్యాక్టరీలో పార్టులు తనిఖీ చేసే ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా ఉన్నా బయటికి పోనిచ్చేవారు కాదట. శనివారం వస్తే మాత్రం ఆయన చేతిలో ఆకురాయి ఉండేది.

ఇంటి ముందు ఒక పాత కారు బాగుచేసుకుంటుండేవారు. దానికి ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే డూప్లికేట్ పార్టులు తెప్పించేవారు. ఒక్కటీ సరిగ్గా పట్టేది కాదు. "గ్రాండ్, కొంచెం అరగదీస్తే సరిపోద్ది" అనేవారు. 'గ్రాండ్' అంటే అక్కడివాళ్ల భాషలో 'పర్లేదు' అని. వానలో ఆంటీ గొడుగు పట్టేవారు. హెడ్‌లైటు పట్టనప్పుడు, దాన్ని అరగదీస్తే పగులుతుందని, కారు రేకునే అరగదీశారు. అప్పటికీ ఆ లైటు ఆకాశంలోకే చూసేది. కారు సర్కారు ఫిట్‌నెస్ టెస్టులో ఫెయిలైంది.

ఆయన పుట్టినరోజుకి ఆంటీ చెప్పకుండా అసలు కంపెనీ లైటు తెప్పించారు. మేమంతా చూస్తుండగా అంకుల్ బిగించబోయారు. అరగదీసిన కంతలో అది వదులై గలగలమంది.

"ఇప్పుడు దేన్ని అరగదీస్తారండీ?" అన్నారు ఆంటీ.

అంకుల్ కళ్లజోడు పెట్టుకుని లైటును అటూ ఇటూ తిప్పి చూశారు. జాగ్రత్తగా మళ్లీ డబ్బాలో సర్దారు.

"పార్టు కరెక్టుగా లేదు. రిటర్న్ పెట్టేయ్" అన్నారు.