మూడు పాయల సవరం

అమ్మ పోయాక నగలన్నీ చెల్లెలికి వదిలేసి నేను సవరం ఒక్కటే తీసుకున్నానని, అదీ షోకు కోసమేనని ప్రొద్దుటూరులో మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గడప దాటితే తల మీద గుడ్డ తీయని ఈ సౌదీలో, అల్ ఖోబర్‌లో నా జడ పొడవు ఎవరు చూస్తారట? పైగా అది కొన్న సవరం కాదు. దువ్వెనకు వచ్చిన ప్రతి వెంట్రుకా అమ్మ ఉండ చుట్టి సంచిలో దాచేది. వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాడు వాకిట్లో అరిస్తే, "మా ఇంట్లో అందరివీ బోడిగుండ్లే, పో!" అని తరిమేది. ఏళ్లపాటు అలా పోగేసి, సవరాలు కట్టే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని కట్టించుకుంది. దాన్ని ముక్కుకు దగ్గర పెట్టుకుంటే ఇంకా అమ్మ కొబ్బరినూనె వాసనే.

పోయిన రంజాన్ తర్వాత మా ఆయనకు ఊరికి వచ్చిపోయేందుకు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చిందని తెలియగానే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, సవరంలో నా భాగం బావతో పంపు. రెండు పాయలు."

"ఉండేదే మూడు. నీకు రెండెట్లా?"

"కడాన మూడేండ్లు అమ్మకు తల దువ్వింది ఎవురు? నువ్వు ఫోన్‌లో దువ్వినావా?"

ఫోన్ పెట్టేసి, సవరం తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను.

"మొత్తం ఇచ్చేయరాదా మే, పేచీ పోతుంది" అన్నాడు మా ఆయన.

"మీ అమ్మదైతే మీరిస్తారా?" అని, పాయలు విడదీయడానికి పైన చుట్టిన నల్లదారం కత్తిరించాను. మూడు పాయలు కలిసేచోట, మధ్యలో, గోరంత గుడ్డముక్క. అందులో చిటికెడు వెంట్రుకలు, పట్టులా మెత్తగా, కాస్త రాగిరంగులో. పసిబిడ్డవి. మా ఇద్దరి పుట్టు వెంట్రుకలూ దర్గాలో తీయించి అక్కడే పూడ్చామని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! మొక్కు చెల్లించిన చోటే దొంగతనం చేసిందన్నమాట.

వీడియో కాల్‌లో చూపించాను. చెల్లెలు ముఖం ఫోన్‌కు ఆనించి చూసింది.

"నీవే లేక్కా. తొలి కాన్పు ముద్దు."

"నాది పుట్టుకతోనే నల్లజుట్టంట. ఇవి నీవే."

"నేను పుట్టేతలికి అమ్మకు అంత తీరిక యాడిది?"

పుట్టి బుద్ధెరిగాక, నీదంటే నీదని మేం పోట్లాడుకోవడం అదే మొదటిసారి.

రెండు పాయలూ పంపాను. ఆ చిటికెడు మాత్రం "నీకాడే ఉండనీక్కా" అని ఏడ్చింది. ఇద్దరివీ కలిపి దాచిందేమోనని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. అన్నీ ఒకే రంగు. ఎవరివైనా ఒక్కరివే. మరి ఇంకొకరివి ఎందుకు దాచుకోలేదమ్మా?