హైమ అప్పజెప్పిన పాఠం

బర్మా రేవుపట్నంలో, లమ్మడా అనే పేటలో ఉల్లిపాయల గోడౌన్ల మీద ఉన్న ఇరుకు వాటాల్లో దండాసిది ఒకటి. అందులో ఉండేది ముగ్గురే: గోడౌన్లో సరుకు చూసుకునే దండాసి, అతని తల్లి వెంకమ్మ, కూతురు హైమ. హైమకి ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెంచిందంతా మామ్మే. తాత అచ్చెన్న రేవులో మూటలు మోసినవాడు, వేలిముద్ర తప్ప సంతకం ఎరగడు. అలాంటి ఇంట్లోంచి యూనివర్సిటీ గడప తొక్కిన పిల్ల, చరిత్ర చదువు సగంలో ఉండగా, అది మానేసి అదే ఊళ్ళో సంచౌంగ్ పేటలో ఒక అద్దె ఇంట్లో నడిచే చిన్న కాలేజీలో చేరతానంది. అందలం దిగి నడిచిపోతానంటుందేమిటీ పిల్ల అని వీధివాళ్ళు నవ్వుకున్నారు. నవ్వడానికేం, వాళ్ళదేం పోయింది?

దండాసి నవ్వలేదు. పెద్ద యూనివర్సిటీ ఇచ్చే పట్టా మీద ప్రభుత్వం ముద్ర ఉంటుంది. ఈ చిన్న కాలేజీ ఇచ్చేదాని మీద ఆ కాలేజీ పేరు తప్ప మరేమీ ఉండదు. "ఆ కాయితం సూసి ఉజ్జోగం ఎవులిస్తారమ్మా?" అని ఒక్కసారే అడిగాడు. హైమని తొలుస్తున్నది ఉద్యోగం మాట కాదు. సైన్యం గద్దెనెక్కిన ఏడాది నిరసనగా యూనివర్సిటీలోంచి బయటికి నడిచిన పంతుళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఆమె స్నేహితురాళ్ళూ రాలేదు. తను మాత్రం మళ్ళీ తలుపులు తెరవగానే వెళ్ళి కూర్చుంది. ఆ ఖాళీ బల్లల మధ్య కూర్చున్నప్పుడల్లా వేరేవాళ్ళ విస్తట్లో తింటున్నట్టు సిగ్గుపడేది. అలా బయటికొచ్చినవాళ్ళలో డో మూ మూ అనే ఆవిడ సంచౌంగ్‌లో కాలేజీ పెట్టిందని తెలిశాక హైమ మనసు ఇక యూనివర్సిటీలో నిలవలేదు. సీటు రద్దు చేయించుకుంది. రద్దయినది మళ్ళీ ఇవ్వరని తెలిసే ఆ పని చేసింది.

చదువంటే ఏమిటో హైమకి రెండుచోట్ల నేర్పారు, రెండుచోట్లా ఒకటే నేర్పారు. ఇంట్లో మామ్మ శనివారాల భజన పాటలు నేర్పేది. తెలుగు అక్షరాలు మామ్మకీ రావు, మనవరాలికీ రావు. అంతా నోటిమీదుగానే. బర్మా బడిలో చేతులు కట్టుకుని నిలబడి, పిల్లలందరూ ఒక్క గొంతుతో పాఠం అప్పజెప్పేవాళ్ళు. యూనివర్సిటీలో గొంతు ఆగిపోయింది గాని పద్ధతి మారలేదు. పంతులు చెప్పింది పరీక్షలో చెప్పినట్టే రాసినవాళ్ళకి మార్కులు, సొంత మాటలు కలిపినవాళ్ళకి కోత. పెద్దల మాట మార్చడం పొగరని హైమ నిజంగా నమ్మింది. మార్చకుండా మోయడమే గౌరవమని కూడా నమ్మింది.

సంచౌంగ్ కాలేజీలో మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్తే ఒకటే పెద్ద బల్ల. డో మూ మూ వాళ్ళ మధ్యనే కూర్చునేది. పంతులమ్మని అక్కడ సయామ అంటారు. సయామ పక్కన సమానంగా కూర్చోవడం హైమకి ముళ్ళమీద కూర్చున్నట్టుండేది. మొదటిరోజున సయామ ఒక నియమం చెప్పింది: ఇంకొకరి రాత తనదని చూపినవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. గంగిరెద్దులా హైమ కూడా తలూపింది. అది తనకు సంబంధించిన మాటని ఆమెకి తోచనేలేదు.

కొన్ని వారాలకి వ్యాసం రాయమన్నారు. ఈ రేవుకి పనికోసం వచ్చినవాళ్ళ గురించి. కాలేజీ బీరువాలో పాత బర్మా చరిత్ర పుస్తకం ఒకటి దొరికింది. అందులో సరిగ్గా ఆ అధ్యాయమే ఉంది. హైమ దాన్ని కూర్చుని బట్టీ పట్టింది. పుస్తకం మూసి పక్కనపెట్టి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసి, కళ్ళకద్దుకుని ఇచ్చింది.

సయామ పిలిచి, ఇది నువ్వు రాసిందేనా అని అడిగింది. హైమ తలవంచుకుంది. పెద్దలు అడిగినప్పుడు తలవంచుకోవడం ఆమెకి మర్యాద. కాని మౌనం అర్ధాంగీకారం కదా, సయామ దాన్ని తప్పు ఒప్పుకోవడంగానే తీసుకుంది. శుక్రవారం పంతుళ్ళందరం కూర్చుని నిర్ణయిస్తాం, రా అంది.

హైమ ఇంటికొచ్చి ఆ మాట చెబితే దండాసికి భయం పట్టుకుంది. అక్కడా చోటు పోయి, ఇక్కడా పోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది పిల్ల. కూతుర్ని తిట్టలేదు. బజారుకెళ్ళి కొబ్బరికాయ, అరటిపళ్ళ హస్తం తెచ్చాడు. ఆ ఊళ్ళో పెద్దల్ని క్షమాపణ అడిగే పద్ధతి అది. పళ్ళెం ముందుపెట్టి, నేలకి నుదురానించి, తప్పయిపోయిందని చెప్పాలి. వెంకమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"దండం ఎట్టు, సదువు సెప్పే మనిసి గదా, ఎట్టాల. తప్పు సేసినానని మాత్రం అనకు. నువ్వు సెయ్యనేదు" అంది.

శుక్రవారం దండాసి పళ్ళెం పట్టుకుని మెట్లమీద కూర్చున్నాడు. హైమ ఒక్కతే లోపలికెళ్ళింది. సయామ ముందు ఆ వ్యాసం, ఇంకో ఇద్దరు పంతుళ్ళ ముందు ఆ పుస్తకం తెరిచి ఉన్నాయి. చూసి రాయలేదని హైమ చెప్పింది. ఎలా నమ్మమంటావని ఒకాయన బర్మా భాషలో నెమ్మదిగానే అడిగాడు. ఆమె లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. మొదటి వాక్యం నుంచి అందుకుంది.

అధ్యాయమంతా అప్పజెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. పుస్తకంలో వేలుపెట్టి చూస్తున్న ఆయన కాసేపటికి వేలు తీసేశాడు. బయట దండాసికి ఆ గొంతు వినిపించి, పిల్ల బాగా చెబుతోందని ప్రాణం కుదుటపడింది. ముగిశాక ఆయన పుస్తకం మూసేశాడు.

"నమ్ముతున్నాను. నువ్వు దొంగవి కావు, చదువంటే ఇదే అనుకున్నావు," అంది సయామ. "చివరి వాక్యం మళ్ళీ చెప్పు."

"కాలం మారిన తరువాత వారందరూ ఓడలెక్కి తమ దేశానికి వెళ్ళిపోయారు."

"అందరూనా?"

"అందరూ, సయామ."

"మరి నువ్వెవరివి అమ్మాయ్?"

హైమ మెట్లవైపు చూసింది. ఆ వాక్యాన్ని రాసింది, అప్పజెప్పింది, కళ్ళకద్దుకుంది కూడా. అది తన తాతని, మామ్మని, మెట్లమీద కూర్చున్న తండ్రిని లేకుండా చేసిందని ఒక్కసారి కూడా అనిపించలేదు. భయం పోయి సిగ్గు వచ్చింది, సిగ్గు వెనకాల దుఃఖం వచ్చింది. మేం వెళ్ళలేదు అంది చివరికి. ఎందుకు వెళ్ళలేదని సయామ అడిగింది. తెలియదంది. అది నిజం.

సయామ కొంత గడువిచ్చింది. మళ్ళీ రాయాలి, ఈసారి ఏ పుస్తకంలోనూ దొరకనిది రాయాలి. అప్పుడు కూడా బట్టీయే వస్తే ఉంచుకోలేమని ఖచ్చితంగా చెప్పింది. దండాసి పళ్ళెం ఇవ్వబోతే, క్షమాపణకైతే వద్దు, పండగకైతే పట్టుకురండి అని వెనక్కి పంపేసింది.

ఆ సాయంత్రం దండాసి అన్నం తింటున్నాడు. వెంకమ్మ గుమ్మం దగ్గర కూర్చుని తమలపాకుకి సున్నం రాస్తోంది. హైమ వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక మామ్మ చెప్పింది వినడమే గాని, మామ్మని ఏదీ అడిగి ఎరగదు.

"మామ్మా, ఓడలొచ్చినప్పుడు మన తెలుగోళ్ళందరూ ఎక్కేశారంట. మనమెందుకు ఎక్కలేదు?"

వెంకమ్మ ఆకు పక్కన పెట్టేసింది.

"మీ తాత ఎక్కుదారనే అన్నాడు. మూటలు కట్టీసినాం. నానే ఎక్కనన్నాను. మీ అయ్య కంటె ముందు నాకొక గుంటడు పుట్టి పోనాడు. పురుటి సానం కూడా అవనేదు. ఇక్కడే మట్టిలో ఎట్టినాం. ఆణ్ణి ఒగ్గేసి ఓడెలా ఎక్కుతానే?"

దండాసి కంచం వదిలేసి ఇటు తిరిగాడు. ఇంటికి పెద్దకొడుకుననే అతను ఈ వయసుదాకా బతికాడు. నాకో అన్న ఉన్నాడా, ఎందుకు చెప్పలేదని తల్లిని అడిగాడు. ఎవులడిగినారు అంది ఆమె, కోపం లేకుండా. ఎక్కడ పెట్టారని అడిగితే, ఆ శ్మశానం ఇప్పుడు లేదని, దానిమీద ఇళ్ళు లేచాయని చెప్పింది. అది తెలిశాక కూడా ఆమె ఈ ఊరు వదిలి వెళ్ళాలనుకోలేదు.

హైమ రాయడానికి చాలా కష్టపడింది. చూసి నేర్చుకోవడానికి ఎవరి వాక్యమూ లేదు. రాసి కొట్టేసి, మళ్ళీ రాసి, కొన్నిచోట్ల నాకు తెలియదు అని కూడా రాసింది. యూనివర్సిటీలో అయితే సున్నా వచ్చేది. సయామ దాన్ని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి చదివి వినిపించింది. తరవాత ఆ కాలేజీలో హైమ ఉంటుందా ఉండదా అన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో మామ్మకి కూడా దాన్ని వినిపించింది. బర్మా భాషలో రాసింది చూస్తూ, ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయింది. బిడ్డ పేరు రావాల్సిన చోట ఆగి, మామ్మని అడగనా అనుకుంది. ముసలమ్మే అందుకుంది.

"పేరెట్టనేదమ్మా. పేరెట్టేదాకా ఉంటే గదా." కళ్ళు తుడుచుకోలేదు, మనవరాలి చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఆణ్ణి తలుసుకోడానికి ఈ బూమ్మీద నానొక్కదాన్నే. నాను పోతే ఆడు మరోసారి సచ్చిపోతాడని బయిం ఉండేది. ఇంక ఆ బయిం నేదు."