పుష్ప కంటే దూరం వెళ్ళాలనుకున్న శనివారం

విదేశాల్లో స్థిరపడాలన్న కోరిక నాకు నా అంతట పుట్టలేదు, పక్కవాళ్ళ నుంచి అంటుకుంది. పుష్ప వాళ్ళు మలేషియాలోని పెనాంగ్‌కి వెళ్ళిపోతున్నారని తెలిసిన రోజు నుంచి నాకు ఇక్కడి గాలి పడటం మానేసింది. పుష్ప, నేను తిరుమలగిరిలో ఒకే స్కూల్లో ఇరవై రెండేళ్ళు పనిచేశాం. తను లెక్కలు, నేను సోషల్. జీతాలు ఒకటే, చీరలు కూడా ఒకే కొట్లో వాయిదాల మీద కొనేవాళ్ళం. అలాంటిది మాదాపూర్ వైపు ఐటీ కంపెనీలు వచ్చేసరికి కొండాపూర్‌లో వాళ్ళత్తగారి జొన్నచేను ధరకు రెక్కలొచ్చాయి. విజయనగరం దగ్గర మా పొలానికి ఆ అదృష్టం పట్టలేదు. పుష్ప భర్త యాదగిరి గారు మిలిటరీలో చేసి రిటైరయ్యారు. సైనిక్‌పురిలో ఇల్లు ఉండగానే ఇప్పుడు పెనాంగ్‌లో సముద్రం కనపడే ఫ్లాటు మాట్లాడుకున్నారు. అసూయ అని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కడుపు మండిపోయింది.

అందుకని మనమూ వెళ్దామని మావారు సన్యాసిరావు గారితో అన్నాను. నేను కిందటేడే ముందస్తుగా రిటైరయ్యాను గానీ ఆయనకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఆయన ఉద్యోగం ముందే వదిలేసి, తిరుమలగిరిలో మా రెండు పడగ్గదుల ఫ్లాటు అమ్మేస్తే వెళ్ళొచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఒక కుర్ర జంట ఫ్లాటు చూసి వెళ్ళారు. శనివారం సాయంత్రం ఆరింటికి వస్తాం, అమ్మేదీ లేనిదీ చెప్పెయ్యండి అన్నారు. అంటే ఆరింటిలోగా దేశం తేలాలి. పొద్దున రెజిమెంటల్ బజార్‌లో వీసా ఏజెంటు, మధ్యాహ్నం సైనిక్‌పురిలో పుష్ప ఇంట్లో భోజనం అని ప్లాన్ వేసుకున్నాం. రిటైర్మెంటు దగ్గరపడి ఇలాంటి ఆలోచనలో ఉన్న దంపతులు విమానం ఎక్కకముందు ఊళ్ళోనే ఇలాంటి ప్రయాణం ఒకటి చేసి తీరాలని నా అనుభవం.

ముందురోజే నా పాత స్కూలు అట్లాసు తీశాను. సికింద్రాబాద్ చుక్క మీద దారం కొస పెట్టి పెనాంగ్ దాకా లాగి, అక్కడ ముడి వేశాను. ఆ ముడికి అవతల ఉన్న దేశమే నాకు కావాలి.

మావారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "దేశాన్ని దారంతో కొలుస్తారేటే? అక్కడ ఏటుందో, మనకి పడతాదో లేదో చూసుకోవద్దా?"

"పుష్ప కంటే దగ్గర ఊళ్ళో ఉండటం నావల్ల కాదండీ" అన్నాను. న్యూజిలాండ్ చేరడానికి దారం ముడి దాటి ఇంకో జానెడు పట్టింది. అదే ఖాయం చేసేశాను.

శనివారం తొమ్మిదిన్నరకు తిరుమలగిరి చౌరస్తాలో సిటీ బస్సెక్కాం. ఇద్దరికీ పన్నెండు రూపాయలు. రెండో శనివారం సెలవు కాబట్టి పాతిక నిమిషాల్లో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగాం, లేకపోతే ముప్పావుగంట వేసుకోండి. అక్కడి నుంచి రెజిమెంటల్ బజార్‌కి నడిచే వెళ్ళొచ్చు. ఏజెంటు ఆఫీసు పైన, కింద ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎనిమిదింటికి నలభై తీసుకున్నారు. నా ఫోటో చూసి మావారు, "ఊరొదిలి వెళ్తున్నట్టు లేదే, ఎవరితోనో దెబ్బలాటకి వెళ్తున్నట్టుంది" అన్నారు.

ఏజెంటు మా వయసు మనిషే. నేను న్యూజిలాండ్ అనగానే పెన్ను కింద పెట్టేశాడు. "మేడమ్, ఉన్న మాట చెప్తున్న. మీ ఏజ్‌ల గాడ పర్మనెంట్‌గ ఉండనియ్యరు. పిల్లలు గిట్ల ఆడ ఉంటే వేరే ముచ్చట."

మాకు పిల్లలు లేరు. ఆ మాటే చెప్పాను.

"మరి మలేషియా చూస్కోండి. ఈ నడుమ మస్తు మంది పోతున్రు, తక్లీఫ్ లేదు."

"మలేషియా తప్ప ఇంకేదైనా చెప్పండి."

"మలేషియాతోని మీకేం పరేషాన్ మేడమ్?"

మావారు గోడ మీది కేలండరు వైపు తిరిగి నవ్వుకున్నారు. చివరికి ఏజెంటు, పెన్షనున్న వాళ్ళకి పోర్చుగల్‌లో దారి ఉందేమో కనుక్కుంటానన్నాడు. నేను సంచిలోంచి దారం తీసి అతని గోడ మ్యాపు ముందు నిలబడ్డాను. అట్లాసు స్కేలు వేరు, గోడ మ్యాపు స్కేలు వేరు, ఆ మాత్రం నాకు తెలుసు. మళ్ళీ సికింద్రాబాద్ నుంచి పెనాంగ్ దాకా కొలిచి కొత్త ముడి వేశాను. పోర్చుగల్ ఆ ముడిని సుబ్బరంగా దాటింది. ఫారం నింపేశాను. సలహా ఫీజు రెండు వందలు, పని జరిగినా జరగకపోయినా తిరిగివ్వరు.

పదకొండున్నరకు స్టేషన్ దగ్గర నేరేడ్‌మెట్ మీదుగా సైనిక్‌పురి వెళ్ళే బస్సు దొరికింది. టిక్కెట్టు ఎనిమిది రూపాయలు, యాభై నిమిషాల ప్రయాణం. పుష్ప వాళ్ళ వీధిలో వేపచెట్ల నీడ ఇళ్ళ గేట్ల దాకా పరుచుకుని ఉంటుంది. ఆ ఇల్లే నాకుంటే ఎక్కడికీ కదిలేదాన్ని కాదు. అదొక కుళ్ళు వేరే. పుష్ప జొన్నరొట్టె, గోంగూర పప్పు, పచ్చిపులుసు చేసింది. పచ్చిపులుసులో నాకోసం ఎప్పటిలాగే పులుపు తగ్గించింది. మగవాళ్ళిద్దరూ వరండాలో కూర్చోగానే నా ఒళ్ళో ఆల్బమ్ పెట్టింది. ఇల్లు మారే ముందు పెనాంగ్ ఎలా ఉంటుందో చూద్దామని వేసవిలో వాళ్ళు రెండు నెలలు అక్కడ అద్దెకున్నారు.

సముద్రం చూశాను, మండింది. బాల్కనీ చూశాను, ఇంకా మండింది. ఆ తర్వాత ఒకావిడ మొదలైంది. తెల్లజుట్టు, కాళ్ళకి కాన్వాస్ బూట్లు, పుష్ప భుజం మీద చెయ్యి. తర్వాతి పేజీలో ఆవిడే, ఆ తర్వాత కూడా ఆవిడే.

"ఎవరీవిడ?"

"కమలక్క, తమిళామె. కింది ఫ్లోర్ల ఉంటది. పొద్దుగాల ఆరు కొట్టంగనే బెల్లు కొడ్తది. ఇద్దరం సముద్రం పొంటి నడుస్తం."

"నీకు తమిళం రాదుగా?"

"ఆమెకు తెలుగు సుత రాదు. ఏదో చేతులూపుకుంట చెప్పుకుంటం" అని నవ్వింది పుష్ప.

పేజీలు వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. పదకొండు ఫోటోల్లో ఉంది కమల. మూడు నెలలుగా నేను సముద్రం మీదా, బాల్కనీ మీదా పడి ఏడుస్తున్నాననుకున్నాను. వాటిని చూసినప్పుడు మండిన కడుపు కమలని చూసినప్పుడు మండలేదు, నొచ్చింది. స్కూలు నుంచి చౌరస్తా దాకా రోజూ సాయంత్రం పుష్పతో నడిచింది నేను.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అడిగేశాను. "నన్ను ఒక్కసారైనా రమ్మని అన్నావా?"

పుష్ప కుళాయి కట్టేసింది. "అడిగితే వస్తవు. నాకెరుకే వరా. నీకు ఆ ఊరు వద్దు, ఏ ఊరూ వద్దు. నాకంటె ఎనక పడొద్దని వస్తవు. సారు నౌకరి ఇడిచిపెట్టాలె, ఇల్లమ్మాలె. ఆడికొచ్చినంక మనసున పట్టకుంటే ఏడికి తిరిగొస్తవ్? నువ్వుంటే నాకే మంచిగుంటది. గందుకే అడగలే."

నిజం చెప్పినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. కాసేపు గిన్నెలు తుడిచాను.

నాలుగున్నరకు అమ్ముగూడ మీదుగా తిరుమలగిరికి ఆటో మాట్లాడుకున్నాం. మీటరు ముప్ఫై ఎనిమిదైతే డ్రైవరు నలభై ఐదడిగాడు, ఇచ్చేశాం. ఆరింటికి ఆ జంట వచ్చారు. టీ ఇచ్చి, అమ్మడం లేదని, తిప్పినందుకు ఏమీ అనుకోవద్దని నేనే చెప్పాను. వాళ్ళు వెళ్ళాక మావారు, "ఏటి, పోర్చుగల్ మరీ దగ్గరైపోయిందేటి?" అన్నారు.

"మీకింకా మూడేళ్ళ ఉద్యోగం ఉంది కదండీ."

"అది నాకు పొద్దున్నించీ తెలుసు" అన్నారు.

పుష్ప వాళ్ళు వచ్చేనెల బేగంపేటలో విమానం ఎక్కుతారు. అసూయ తగ్గిందా అంటే తగ్గలేదు, చిరునామా మార్చుకుంది. మలేషియా వెళ్తే మా ఆయనకి ఉద్యోగం పోతుంది, నాకు ఇల్లు పోతుంది. అక్కడ కూడా పుష్ప పక్కన కమల ఉంటుంది. ఇక్కడే ఉంటే నాకు పోయేది పుష్ప ఒక్కతే. రెండిట్లో ఇదే తక్కువ నష్టమని నిర్ణయించుకున్నాను గానీ, ఒక్క సంగతి మాత్రం ఇంకా మనసులో పెట్టుకున్నాను. ఆ పదకొండు ఫోటోల్లోనూ కమల పుష్పకి ఎడమపక్కనే ఉంది. పుష్పకి ఎడమ చెవి వినపడదు. ఎవరికీ చెప్పదు, నాకు తెలియడానికే ఏడేళ్ళు పట్టింది. అప్పటి నుంచి నేను కుడిపక్కకి మారి నడిచాను. కమలకి ఆ మాట చెప్పమని పుష్పకి చెప్పాలి. ఇంకా చెప్పలేదు. విమానం ఎక్కేలోపు చెప్తాను.

ఇక మీకు సలహా. ఇల్లు అమ్మకముందే, పుష్ప వాళ్ళలాగా, వెళ్ళదలుచుకున్న ఊళ్ళో రెండు నెలలు అద్దెకుండి చూడండి. ఫోటోలు కూడా తీసుకోండి. తిరిగొచ్చాక మాత్రం అవన్నీ అందరికీ చూపించకండి, ముఖ్యంగా ఇరవై రెండేళ్ళు మీ పక్కన నడిచినవాళ్ళకి.