మెనామినీ వాళ్ళ దగ్గర ‘మన’ అని దొరికిపోయాను

విన్నిపెగ్‌లో మా చర్చిలో ఆదివారాలు తెలుగు క్లాసు చెప్తాను. మూడేళ్ళయినా పిల్లలు ఇంగ్లీషులోనే జవాబిస్తారు. అందుకే, సరిహద్దు అవతల అమెరికాలోని విస్కాన్సిన్‌లో తమ మెనామినీ అనే ఆదివాసీ భాషను బతికించుకుంటున్న ఒక చిన్న సంఘం వాళ్ళు మా ఊరి పక్కనే సెల్కర్క్ దగ్గర ఒకరోజు క్లాసు పెడుతున్నారని తెలియగానే పేరిచ్చాను. వాళ్ళ కిటుకేదో పట్టుకొచ్చి నా పిల్లల మీద ప్రయోగించాలని ఆశ. మా ఆయనకు మాత్రం అనుమానం. "ఫ్రీగా చెప్తున్నారంటే ఏదో మెలిక ఉంటుందే. సంతకాలేం పెట్టకు," అన్నాడు కారు ఎక్కుతూనే.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయలుదేరి తొమ్మిదో నంబరు హైవే మీద ఉత్తరంగా వెళ్తే నలభై నిమిషాలు. గ్యాస్ రానూపోనూ పదిహేను డాలర్లు దాటదు. హాలు గుమ్మంలో "పోసోహ్" అంటూ పలకరించారు డోరా గారు. డెబ్బై దాటిన పెద్దావిడ, ఆ రోజు మా టీచరు. నవ్వుతూనే నా చేతిలో ఫోన్ కేసి చూశారు. నేను దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టాను. రికార్డింగ్ అప్పటికే నడుస్తోంది. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు.

మొదటి పాఠానికే నా ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు లేని తేడా వీళ్ళకు తెలుగులాగే ఉంది. మాటకు ముందు "కె" వస్తే మన, "నె" వస్తే మా. అందరినీ వరసగా "మా భాష" అనమన్నారు. నా వంతు రాగానే నేను "కె" పెట్టి అన్నాను. అదే మర్యాద అనుకున్నాను.

"ఎవరి భాష?" అన్నారావిడ.

"మా దగ్గర ఇంటికొచ్చినవాళ్ళతో 'మా ఇల్లు' అంటే బాగోదండి. 'మన ఇల్లు' అంటాం," అన్నాను తడబడుతూ.

"మేమూ అంటాం. కానీ ఆ మాట ఇంటివాళ్ళు అనాలి, వచ్చినవాళ్ళు కాదు. మెషీన్లు పట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ 'మన భాష' అనే అన్నారు. టేపులు పట్టుకెళ్ళారు. మా అమ్మ గొంతు ఏ ఊళ్ళో ఉందో నాకిప్పటికీ తెలీదు." నా ఫోన్ వైపు వేలు చూపించారు. "అది వింటోందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. పక్క కుర్చీలో మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వింటోందండి," అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. డోరా గారు పక్కనే నిలబడి డిలీట్ చేయించారు. "ట్రాష్‌లోంచి కూడా," అన్నారు.

మధ్యాహ్నం నీళ్ళలో పెరిగే అడవి బియ్యంతో సూప్ పెట్టారు. డోరా గారు నా ముందు గిన్నె పెట్టి ఏదో అన్నారు. ముందు "కె" వినిపించింది. మన సూప్. సూప్ వరకే సుమా, భాష దాకా రానివ్వలేదు. ఫోన్ మీంచి చూపూ తీయలేదు.

ఇలాంటి క్లాసుకు వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా: ఫోన్ కారులో వదిలేయండి, రాసుకోవాలన్నా ముందు అడగండి. తిరిగొస్తుంటే నేను క్లాసులో ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది: "మా తెలుగు మీకెందుకు రాదర్రా?" ఎవరి భాషనో చనువుగా మన అన్నదాన్ని, సొంత క్లాసు పిల్లల దగ్గర మా అంటూ వచ్చాను. ఇంటివాళ్ళు అనాల్సిన మాట మూడేళ్ళుగా నేనే అనలేదు.