అందరూ నమ్మిన ఫోన్

మా హాస్టల్లో నా ఫోన్‌కున్న పరువు నాకు కూడా లేదు. నాకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని తెలిశాక మా అన్న తార్నాకలో దాన్ని కొని, రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని, అన్నీ తనే సెట్ చేసి తెచ్చి ఇచ్చాడు. నాన్న పోయాక లాలాగూడలో అమ్మనీ, క్యాంపస్‌లో నన్నూ చూసుకునేది అన్నే.

హాస్టల్ అమ్మాయిల్లో సగం మందికి శనివారం ఇంటికి పోవడమంటే పరీక్షకు పోవడమే. గడపలో చెప్పులు విడవగానే తండ్రో తమ్ముడో ఫోన్ అడిగి తీసుకుంటాడు. ఎవరికి చేసింది, ఎంతసేపు మాట్లాడింది, అన్నీ చూస్తాడు. అందుకని వాళ్లు మాట్లాడాల్సిన మాటలు తమ ఫోన్లలో మాట్లాడేవారు కాదు. "మా అన్న నా ఫోన్ ముట్టను కూడా ముట్టడు" అని నేను ఊరంతా చాటింపు వేసుకున్నాను కాబట్టి అందరూ నా గదికే వచ్చేవారు. "అక్కా, ఒక్క కాల్" అంటే చాలు, ఇచ్చేసేదాన్ని. ఇచ్చేటప్పుడు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం దేనికి.

నాతో పాటు ఆ గదిలో ఉండే అమ్మాయి నాకన్నా నాలుగేళ్లు చిన్నది. జనగామ వైపు వ్యవసాయం చేసుకునే ఇల్లు. తన డిపార్ట్‌మెంట్‌లోనే చదివే అబ్బాయిని ఇష్టపడింది. కులం వేరు. థీసిస్ ఇచ్చేసి, ఆ తర్వాత రిజిస్టర్ పెళ్లి చేసుకోవాలని అనుకున్నారు. అయిదు అధ్యాయాలు అయిపోయాయి, ముగింపు ఒక్కటే మిగిలింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నా నా ఫోన్‌లోనే. ఇంటికి కూడా అప్పుడప్పుడు దాంట్లోంచే చేసేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం వాళ్ల నాన్న, మేనమామ హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. ఆమె వెంట నేనూ కిందికి దిగాను. వాళ్ల నాన్న అరవలేదు, తిట్టలేదు.

"కాచిగూడల రూము కూడ చూసుకున్నరట గదా బిడ్డా. నడువు, ఇంటికి పోదాం" అన్నాడు.

పెళ్లయ్యాక ఉండటానికి చూసుకున్న కాచిగూడ గది సంగతి తెలిసింది ముగ్గురికే: ఆమెకు, ఆ అబ్బాయికి, నాకు. ఆమె వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఒక్క మాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. లాప్‌టాప్‌తో సహా సామానంతా మేనమామే మోసుకుపోయాడు.

రెండు రోజులు నేను ఆ అబ్బాయినే అనుమానించాను. వాడే ఎక్కడో నోరు జారి ఉంటాడని లోపల్లోపల తిట్టుకున్నాను. మూడో రోజు క్యాంటీన్‌లో కూర్చుని, ఫోన్ ఊరికే వేడెక్కుతోందనీ, చార్జింగ్ మధ్యాహ్నం దాకా కూడా నిలవడం లేదనీ కంప్యూటర్ సైన్స్ జూనియర్ ఒకమ్మాయితో విసుక్కున్నాను. తీసుకుని చూసింది. సెట్టింగులన్నీ తెరిచి, స్క్రీన్ నా వైపు తిప్పింది.

"అక్కా, దీంట్ల ఒక యాప్ దాగి ఉన్నది. మైకు ఎప్పుడూ వింటనే ఉన్నది. కాల్స్, మెసేజ్‌లు, నువ్వు యాడున్నవో, అన్ని ఇంకో ఫోన్‌కు పోతున్నయి."

"ఎవడన్న హ్యాకర్ చేసిండా?"

"హ్యాకరెందుకక్కా, ఇది నెట్‌ల కొనుక్కునేదే. పిల్లల సేఫ్టీకని అమ్ముతరు. ఫోన్ చేతికి దొరికినోళ్లే ఎయ్యాలె."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఫోన్ నాకన్నా ముందు ఎవరి చేతిలో ఉందో నాకు బాగా తెలుసు. ఆటో ఎక్కి లాలాగూడ పోయాను.

అన్న అన్నం తింటున్నాడు. అడిగితే తడబడతాడనుకున్నాను. తడబడలేదు.

"నీ మీద అనుమానం కాదే. నువ్వు బంగారం. నీ మాటలల్ల తప్పు ఒక్కటి దొరకలే. మొన్న ఏడ్సుకుంట నేను తెచ్చిన సంబంధం వద్దన్నవు ఆ పిల్లతోని. నేనేమన్న అడిగిన్నా నిన్ను?"

ఆ మాట నేను గది తలుపులు వేసుకుని చెప్పుకున్న మాట. మూడేళ్లుగా ఆ గదిలో నేను నవ్విందీ, ఏడ్చిందీ, అన్నను తిట్టుకున్నదీ అంతా విన్నవాడు పప్పులో నెయ్యి వేసుకుంటున్నాడు.

"ఆ పిల్ల సంగతి నీకెందుకు?"

"ఆడపిల్ల తండ్రికి చెప్పుడు తప్పా? నంబరు నీ ఫోన్‌లనే ఉండె."

"అన్ననే గదా, వింటె ఏమైతది?" అంది అమ్మ, నాకూ కంచం పెడుతూ.

నేను తినలేదు. ఫోన్ ఆ కంచం పక్కనే పెట్టి వచ్చేశాను. హాస్టల్లో ప్రతి గదికీ వెళ్లి, నా ఫోన్‌లో మాట్లాడిన ప్రతి అమ్మాయికీ చెప్పాను. ఒకరిద్దరు ఏడ్చారు. ఒకమ్మాయి తలుపు వేసేసుకుంది. మర్నాటి నుంచి మెస్‌లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. వాళ్లది తప్పని నేను అనను.

నా గదిలో ఉండే ఆ అమ్మాయిని అంబర్‌పేట్‌లో మేనమామ ఇంట్లో ఉంచారని నెల తర్వాత తెలిసింది. థీసిస్ మాన్పించారట, సంబంధాలు చూస్తున్నారట. "నేను చెప్పలేదు, నా ఫోన్ చెప్పింది" అన్న ఒక్క ముక్క ఆమెకు చెప్పాలని వెళ్లాను. మేనత్త తలుపు తీసి, లోపల కూర్చోబెట్టి, టీ పెట్టడానికి పోయింది. ఆమె నా ఎదురుగా కూర్చుంది. సగానికి సగమైంది. ఇద్దరి మధ్య స్టూలు మీద కొత్త ఫోన్ ఉంది.

నేను నోరు తెరవబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఆ ఫోన్ వైపు చూసింది.

"మంచిగున్న అక్కా. అందరు మంచిగ చూసుకుంటున్నరు" అంది, పాఠం అప్పజెప్పినట్టు.

మేనత్త టీ తెచ్చింది. "మీ అన్న మంచోడమ్మా. ఈ ఫోన్ ఆయననే దగ్గరుండి కొనిపిచ్చి, సెట్ చేసిచ్చిండు" అంది.

ఆ ఫోన్ ముందు నేనేం చెప్పినా శిక్ష ఆమెకే అని, చెప్పాలని వచ్చిన మాట చెప్పలేదు. వానల గురించి, ఎండల గురించి అరగంట మాట్లాడుకున్నాం. టీ తాగి, వస్తానని చెప్పి లేచాను. ఆమె ఇప్పటికీ నేనే చెప్పాననుకుంటూ ఉంటుంది.