పాట ఎవరిదో నేను చెప్పిన రోజు

మొన్న శుక్రవారం తెల్లవారగానే మా గల్లీ మొదట్లో నిలబెట్టిన మా మనవరాలి స్కూటీని ఎవరో తగలబెట్టారు. పాల ప్యాకెట్ల కోసం నేను తలుపు తీసేసరికే సీటు కరిగి నేల మీదికి కారుతోంది, ఎదురింటాయన బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి పోస్తున్నాడు, యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే జనం ముక్కులు మూసుకుని పక్కనుంచి తప్పుకుంటున్నారు. మంట చల్లారాక చూస్తే మా ఇంటి గోడ మీద బొగ్గుతో ‘ఇగ నీ నోరే’ అని రాసి ఉంది. ఆ రాత చదివి నా కోడలు గడప మీదే కూలబడిపోయింది.

మనవరాలంటే నా కొడుకు కూతురు. పగలంతా రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం, మిగతా పొద్దంతా పాటలు. పాటలంటే మీరూ నేనూ రేడియోలో విన్నటువంటివి కావు, దరువు మీద ఊపిరి తీసుకోకుండా మాట వెనక మాట విసురుతూ పోవడం, ర్యాప్ అంటారు. వెనక కంపెనీ లేదు, పెట్టుబడి పెట్టేవాడు లేడు. మా వెనకగదిలో గోడలకు పాత బొంతలు వేలాడదీసి, మైకు ముందు నిలబడి, తనే కట్టి, తనే పాడి, తన పేరుతో తనే లోకం మీదికి వదులుతుంది. మొదట్లో నాకు అది పాటలా అనిపించేది కాదు, ఎవరితోనో జగడమాడుతున్నట్టు ఉండేది. బుధవారం నాడు వదిలిన కొత్త పాట, ఊరేగింపుల పేరుతో గల్లీ పిల్లల చేతుల్లో కర్రలు పెట్టి కొట్లాటకు తోలే ఒక పెద్దమనిషి గురించి. ‘జెండా వానిది, కర్ర వానిది, పగిలిన తలకాయ మనది, పేపర్ల ఫోటో వానిది, కేసుల పేరు మనది’ అని సాగుతుంది. పాటలో ఆయన పేరు లేదు గానీ ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సాయంత్రానికల్లా పాన్ డబ్బా దగ్గర, ఆటోల్లో, ఎక్కడ చూసినా అదే.

స్కూటీ కాలిన రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరం కూర్చున్నాం. పాట తీసెయ్యమని నా కొడుకు అరిచాడు, కోడలు దండం పెట్టింది. పిల్ల ఎవరికీ జవాబు చెప్పకుండా నా వైపు తిరిగింది.

“తాతా, నాయిన మాట నేనినను. నువ్వు జెప్పు. నువ్వు తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్త.”

తీసెయ్యమంటే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, తాతను కదా, ఆ మాట అనడానికే ఉన్నాను. కానీ ఇలాంటి పాటే ఇంకొకటి నాకు తెలుసు, దాని కథ యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నాయిన పోయాక ఇల్లు మా అన్న మీద పడింది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు, ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో హమాలీ, నన్నూ తన వెంటే పనిలోకి తీసుకుపోయాడు. నా ఈడు వాళ్ళకు ఆ గంజ్ గుర్తుండే ఉంటుంది. లారీల మీంచి మిర్చి బస్తాలు దిగుతుంటే వీధి చివరిదాకా తుమ్ములు వినబడేవి, కొత్తగా వచ్చినవాడు మొదటి వారం కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపెట్టేవాడు. మా జట్టులో పన్నెండు మందిమి, సగం మంది తెలుగు మాట్లాడే మేము, సగం మంది దక్కనీ ఉర్దూ మాట్లాడే సాయిబులు, అందరికీ పెద్ద ఒక ముసలాయన, ఆయన్ని చాచా అనేవాళ్ళం. ఒక్కొక్కరి చేతిలో ఒక ఇనుప కొక్కెం, పిడికి గుడ్డ చుట్టి ఉండేది. దాన్ని గోనెలోకి దింపి గుంజితే బస్తా భుజం మీదికి వచ్చేది.

పని నడిచేది పాట మీద. ఒకడు చరణం అందుకుంటే మిగతావాళ్ళం ‘హైసా’ అని బదులిస్తూ అడుగు కలిపేవాళ్ళం, బదులివ్వకపోతే అడుగు తప్పుతుంది, బరువు మీద పడుతుంది. చరణాలు అప్పటికప్పుడు పుట్టేవి, సగం తెలుగు, సగం దక్కనీ. పావురాలకు తట్టల కొద్దీ జొన్నలు చల్లుతూ ఇద్దరు హమాలీలకు ఒక్క గ్లాసు టీ పోయించే సేఠ్ మీద మావాళ్ళు కట్టిన పాటకు ఆయన గుమాస్తాలే చాటుగా నవ్వుకునేవారు. సేఠ్ గద్దె దిగి వచ్చి ‘ఎవడ్రా పాడింది’ అని గద్దిస్తే జట్టంతా ఒక్క గొంతుతో ‘బస్తా పాడింది సేఠ్’ అనేవాళ్ళం. అది మా గంజ్ కట్టుబాటు. పాట కట్టినవాడి పేరు బయటివాడికి చెప్పకూడదు, చావనైనా చావాలి గానీ చెప్పకూడదు. పన్నెండు మందిని ఒకేసారి పనిలోంచి తీసెయ్యడం ఎవరి వల్లా కాదు కనుక, ఆ ఒక్క మాట చాటున మేము ఏమైనా పాడగలిగేవాళ్ళం. కట్టేవాడు ఎక్కువగా మా అన్నే. బడికి పోనివాడికి అన్ని మాటలు ఎక్కడినుంచి వచ్చేవో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఎండాకాలం పాతబస్తీలో గాలి బాగాలేదు. ఏదో ఒక మూల రాళ్ళు పడుతూనే ఉండేవి, సాయంత్రం కాగానే దుకాణాలు మూసేవారు. మా బజారులో ఒక దాదా ఉండేవాడు, తెల్లటి బట్టలు, మెల్లటి మాట, చెయ్యి ఎత్తి ఎవరినీ కొట్టగా మేము చూడలేదు, కొట్టించేవాడు. ఆయన మావాళ్ళను పిలిచి, కొక్కాలు పట్టుకుని పదిమంది రావాలి, ఎక్కడికి పోవాలో తరువాత చెప్తాను అన్నాడట. అదే వారంలో జట్టులోని సాయిబులను పిలిచి ఇంకో దాదా అచ్చంగా అదే మాట అన్నాడని చాచా చెప్పాడు. మా అన్న ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు లారీ దగ్గర పాట అందుకున్నాడు.

కొక్కెమిది గోనెకు భాయ్ — హైసా!
కడుపుల దింపే సామాన్ గాదు — హైసా!
దోమతెరల దాదా పండె — హైసా!
ఎండల మనల సావుకు తోలె — హైసా!

మొదటి బదులు భయంతో సన్నగా వచ్చింది, రెండోది గట్టిగా, మూడోదానికి పక్క జట్టు కూడా అందుకుంది. పొద్దుగుంకేలోగా గంజ్ మొత్తం అదే పాట, బండ్లవాళ్ళు ఆ పాటను అఫ్జల్‌గంజ్ దాకా మోసుకుపోయారు. దాదా పిలిచిన చోటికి ఆ రోజు మా గంజ్ నుంచి ఒక్క హమాలీ కూడా పోలేదు. ఒక పాట ఆ పని చేయగలదని నేను కళ్ళారా చూశాను.

ఆ సాయంత్రమే నేను హోటల్లో ఒంటరిగా కూర్చుని టీ తాగుతుంటే ఎదుటి కుర్చీలో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మంచి మాటకారి. “వహ్వా, ఏం పాట భాయ్ అది, పొద్దుగాల్నుంచి నా నోట్లెనే తిరుగుతున్నది. గట్ల కట్టేటోడు మస్తు దిమాక్ ఉన్నోడై ఉండాలె” అన్నాడు. నాకు ఇంకో టీ చెప్పాడు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాడు. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. బెదిరించి ఉంటే చెప్పకపోయేవాణ్ణేమో. మా అన్నంటే నాకు అంత గర్వం, ఆ గర్వం గొంతులోంచి పొంగి వచ్చింది.

“మా అన్ననే కట్టిండు. గంజ్‌ల ఇంకెవ్వనికొస్తది గిట్ల?”

అన్న మరుక్షణం నా తప్పు నాకు తెలిసింది. ఆయన మాత్రం నవ్వుతూ నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి అన్నకు చెబుదామనుకున్నాను, తిడతాడని ఊరుకున్నాను. నా బతుకులో అంతకంటే పిరికి పని చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు, దాదా మనుషులు ఆరుగురు. అన్న వీపు మీద మిర్చి బస్తా ఉంది, వెనకనుంచి మోకాళ్ళ మీద ఇనుపరాడ్‌తో కొట్టారు. బస్తాతో సహా ముందుకు పడ్డాడు, బస్తా పగిలి మిర్చి ఎర్రగా పరుచుకుంది, ఆ ఘాటులోనే వాళ్ళూ దగ్గుతూ అతని పక్కటెముకల మీద తన్నారు. ఒక్కొక్క తన్నుకు లోపల ఏదో పుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. చాచా అడ్డం పోతే ఆయన మోచెయ్యి విరగ్గొట్టారు, ఆయన అల్లా అని కూడా అనలేకపోయాడు. తరువాత ఒకడు మా అన్న జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు, ఇంకొకడు కింద పడి ఉన్న మా అన్న కొక్కెమే తీసి, నోట్లో పెట్టి, చెంప వెంట గుంజాడు. ఆ అరుపు మీకు చెప్పను. తల పట్టుకున్నవాడు నాకు టీ తాగించినవాడే. లారీ చక్రం పక్కన నిలబడి ఉన్న నన్ను చూసి, తెలిసినవాణ్ణి పలకరించినట్టు తలాడించాడు. నా చేతిలోనూ కొక్కెం ఉంది. చెయ్యి లేవలేదు.

దవాఖానాలో చెంపను కుట్టారు గానీ పెదవి ఒక పక్కకు లాగినట్టే ఉండిపోయింది. పోలీసులు అడిగితే లారీ మీంచి పడ్డానని చేత్తో సైగ చేశాడు, నేను పక్కనే ఉండి అదే మాట నోటితో చెప్పాను. వారం తిరగకుండానే కొట్లాటలు లేచాయి. ఈసారి గంజ్‌లో వద్దని పాడే నోరు లేదు, పాడితే ఏమవుతుందో అందరూ చూశారు. మా జట్టు పన్నెండు మంది రెండుగా చీలారు, రెండువైపులా కొక్కాలు పోయాయి. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో అన్నకు మందులు తేవడానికి బహదూర్‌పురా వైపు పోయాను. రోడ్డు పక్కన మా జట్టువాడే ఒకడు పడి ఉన్నాడు, నా ఈడు వాడు, నాతోపాటు పనిలోకి వచ్చినవాడు. కడుపులో కొక్కెం అట్లాగే ఉంది. పిడికి చుట్టిన గుడ్డ చూసి అది మా జట్టులో ఎవరిదో గుర్తుపట్టాను. ఆ పేరు మాత్రం ఇప్పుడు కూడా రాయలేను.

తరువాత నాకు రైల్వేలో గ్యాంగ్‌మన్ పని దొరికింది, పెళ్ళయింది, ఇల్లయింది. అన్న పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉన్నాడు. నీళ్ళు తాగితే ఒక పక్క నుంచి కారిపోయేవి, మాట ముద్దగా వచ్చేది, బయటివాళ్ళ ముందు అసలు మాట్లాడేవాడు కాదు. నా కొడుకు చిన్నప్పుడు అన్నం కలిపి ఆయన నోటికి అందించేవాడు. మనవరాలు పుట్టాక మాత్రం ఆయనకు కొత్త ప్రాణం వచ్చింది, పిల్లను ఒళ్ళో వేసుకుని వీపు మీద వేళ్ళతో దరువు వేసేవాడు, గంటలకొద్దీ, పిల్ల నిద్రపోయినా ఆపేవాడు కాదు. ఎవరు చెప్పారురా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. తెలియక అడగలేదో, తెలిసే అడగలేదో, మూడేళ్ళ కింద ఆయన పోయినప్పుడు ఆ సంగతీ ఆయనతోపాటే పోయింది.

ఇదంతా ఆ మధ్యాహ్నం అందరి ముందూ చెప్పేశాను. నా కొడుకు చేతిలోని స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాడు.

“నేను పెదనాయిన నోట్లె అన్నం బెడుతుంటె నువ్వు ఎదురుంగ కూసోని జూసినవ్ గదా నాయినా. గిన్నేండ్లు ఎట్ల మింగుడువడ్డది నీకు?”

కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. మనవరాలు మాత్రం ఏడవలేదు. సొట్టపడిన గ్లాసు తీసి పక్కన పెట్టి, పాట సంగతి చెప్పలేదు కదా తాతా అంది. తీసెయ్యొద్దు అన్నాను. నేను ఆ మాట ధైర్యంతో అన్నానో, నా పాపం కడుక్కోవడానికి పిల్ల ప్రాణం అడ్డం పెడుతున్నానో, నిజంగా నాకు తెలియదు.

నిన్న ఉస్మాన్‌గంజ్ మీదుగా ఆటోలో పోతూ చూశాను. హమాలీలు ఇంకా ఉన్నారు, ఫోన్ల తీగలు చెవుల్లో పెట్టుకుని ఎవరి పాట వాళ్ళు వింటూ బస్తాలు దింపుతున్నారు. మా కాలంలో ఒకడి మాటను దాచడానికి పన్నెండు గొంతులు ఉండేవి, అందులో ఒక్క గొంతు జారినందుకే అంత జరిగింది. ఈ పిల్లకు జట్టు లేదు, కట్టుబాటు లేదు. తనే అన్నానని ముందే తన పేరు చెప్పుకుని ఒక్కతీ నిలబడుతుంది. గర్వపడాలో, గుండె చేతబట్టుకుని కూర్చోవాలో తెలియని కాలంలోకి వచ్చిపడ్డాను.

నిన్న రాగానే తను నన్ను వెనకగదిలోకి తీసుకుపోయి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. కొత్త పాట, పెద్దతాత మీద. మిర్చి ఉంది, రాడ్ ఉంది, చెంప ఉంది. చివరి చరణంలో నేనున్నాను, ఒక్క టీకి అన్నను అమ్మినవాడు అని, ఇంటిపేరుతో సహా. పాట అయిపోయాక నా చెవుల నుంచి తీసి, “నీ పేరు తీసెయ్యాల్నా తాతా” అని మెల్లగా అడిగింది.

ఉండనియ్యి అన్నాను. వచ్చే ఆదివారం వదులుతుందట. నా కొడుకు పొద్దుటి నుంచి తలుపుకు ఇనుప గడియ బిగిస్తున్నాడు, మేకులు నేనే అందిస్తున్నాను, చెయ్యి చాచి తీసుకుంటున్నాడు గానీ నా ముఖం చూడటం లేదు.