ప్రసన్న కోడ్‌ను పన్నెండు రోజులు ఆపింది నేనే

నిన్న పొద్దున లక్సెట్టిపేట నుంచి ప్రసన్న తమ్ముడి ఫోన్.

"అనితక్కా, మా అక్క పోయింది."

వారం నుంచి జ్వరమని తెలుసు. తగ్గుతుందనే అనుకున్నాను. వంటింట్లో స్టవ్ కట్టేసి లక్సెట్టిపేటకు బయల్దేరాను.

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ నాలుగేళ్లూ మాది ఒకే హాస్టల్ రూమ్. ఉద్యోగాలు వేరైనా, సెలవు రోజుల్లో ఇద్దరం ఒక ఫ్రీ మ్యాథ్స్ లైబ్రరీకి కోడ్ రాసేవాళ్లం. పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్లు దేశదేశాల్లో వాడే సాఫ్ట్‌వేర్ అది.

అందులో ఒక సమస్య ఉండేది. అంకెలను దాచే కంటైనర్, ఒక్కో అంకె చేరినప్పుడల్లా కొత్తగా మెమరీ అడిగి, పాతవన్నీ అందులోకి కాపీ చేసేది. డేటా పెద్దదైతే కంప్యూటర్ హ్యాంగ్.

మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను.

కాలేదు.

ఒక ఆదివారం ప్రసన్న చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చి, స్క్రీన్ చూసి నవ్వింది.

"గింత పరేషాన్ ఎందుకే? ఒక్కొక్కదానికి జాగ అడుగుడేంది? ఎన్నొస్తయో ముందుగాల లెక్కవెట్టి, ఒక్కసారే అడుగు."

సాయంత్రానికి రాసేసింది. నా ల్యాప్‌టాప్ మొరాయించే లెక్క, నేను చాయ్ పెట్టి వచ్చేసరికి అయిపోయింది.

సంతోషించాలి కదా?

నాకు ఒళ్లు మండింది.

లైబ్రరీలో ఒకరి కోడ్ ఇంకొకరు చూసి ఓకే చెప్తేనే అది అందులో చేరుతుంది. తనది నా దగ్గరికే వచ్చింది. ఒక్క తప్పూ లేదు. అయినా కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే ఇంకో టెస్ట్ రాయమన్నాను. రాసింది. పేర్లు మార్చమన్నాను. మార్చింది. అట్లా పన్నెండు రోజులు.

పదమూడో రోజు ఫోన్ చేసింది.

"తప్పుంటే చెప్పు, నేను దిద్దుత. కడుపుమంటయితే నువ్వే సల్లార్పుకో."

"టెస్టుల కోసమేనే" అని అబద్ధమాడి, ఓకే నొక్కాను.

"సరే తియ్యి" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నిన్న తన పక్కన కూర్చుంటే ఫోన్ నిండా మెసేజ్‌లు. ముఖం కూడా చూడనివాళ్లు తన కోడ్‌ను తలుచుకుంటున్నారు. నేను పోతే నా గురించి ఎవరు రాస్తారు అనిపించింది.

శవం పక్కన కూర్చుని కూడా అసూయే.

వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏది రాసినా అనితకే సూపియ్యాలె అంటుండె బిడ్డా. దానంత తెలివి నాకు లేదవ్వా అంటుండె."

తట్టుకోలేకపోయాను. పన్నెండు రోజుల సంగతి అక్కడే చెప్పేశాను.

"గది నాకెరుకే బిడ్డా. నవ్వుకుంట చెప్పింది."

తెలిసి కూడా నన్ను మెచ్చుకుంది. అంత మనసు నాకెందుకు లేదని ఇప్పుడు ఇంకా కుళ్లుగా ఉంది.

పోయిరా ప్రసన్నా.

ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.